లా చదువుకు సబ్బవరమా, హైదరాబాదా?

ప్రశ్న: మధిర నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్మీడియెట్ సీఈసీ పూర్తి చేసింది. పదో తరగతి దాకా ఊళ్లోనే తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. నిరుడు డిసెంబరులో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసింది. ఆ ర్యాంకు హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చాలలేదు గాని, విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల కోర్సుకు సీటు వచ్చింది. ఈలోగా రాష్ట్రంలోని న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా రాసింది, అందులోనూ ర్యాంకు బాగానే వచ్చింది. దానితో ఉస్మానియాకు అనుబంధంగా హైదరాబాదులో ఉన్న పేరున్న కళాశాలల్లో ఏదో ఒకదానిలో కన్వీనర్ కోటా సీటు దొరుకుతుందని తెలిసినవారు చెబుతున్నారు. చిక్కంతా తేదీల దగ్గరే వచ్చింది. సబ్బవరంలో మిగిలిన ఫీజు కట్టవలసిన గడువు ముందు వస్తోంది, లాసెట్ కౌన్సెలింగ్ ఆ తర్వాతెప్పుడో మొదలవుతుంది.

ఇవి చాలవన్నట్టు నగరంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మొదటి ఏడాది ఫీజులో రాయితీ ఇస్తామంటున్నారు, మిగిలిన నాలుగేళ్ల సంగతి అడిగితే మాట దాటేస్తున్నారు.

సబ్బవరంలో ఫీజు, హాస్టలు, భోజనం కలిపి ఏడాదికి రెండు లక్షల పైమాటే. రాకపోకలు, పుస్తకాలు, ఇంటర్న్‌షిప్పుల ఖర్చు కూడా వేసుకుంటే ఐదేళ్లకు 12 లక్షలు అవుతుందని మా లెక్క. అందులో 10 లక్షలైనా బ్యాంకు నుంచి తీసుకోక తప్పదు. నాకు చిన్న ఎరువుల దుకాణం, రెండెకరాల మాగాణి ఉన్నాయి. ఆ పొలం అమ్మే ఉద్దేశం లేదు. అమ్మాయి వెనక అబ్బాయి ఉన్నాడు, వాడిప్పుడు తొమ్మిదో తరగతి. లాసెట్ సీటైతే ఫీజు ఈ స్థాయిలో ఉండదు, అర్హతను బట్టి రీయింబర్స్‌మెంటు కూడా ఉంటుంది.

అమ్మాయిని జూనియర్ సివిల్ జడ్జిగా చూడాలన్నది నా కోరిక. జాతీయ విశ్వవిద్యాలయంలో చదివితే ఆ పరీక్షకు మేలు జరుగుతుందా, లేక అప్పు ఒక్కటే మిగులుతుందా? ఈ వృత్తిలో ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.


జవాబు: హైదరాబాదు నుంచి ఒక న్యాయవాది

నమస్కారమండీ. సిటీ సివిల్ కోర్టులోను, హైకోర్టులోను ప్రాక్టీసు చేస్తున్నాను. మీరు చివరన చెప్పిన కోరిక నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాన్ని బట్టే మారతాయి.

డిగ్రీ చేతికి రాగానే జడ్జి పరీక్ష రాసే వీలు ఇప్పుడు లేదు. 2002లో సుప్రీంకోర్టు తీసేసిన మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను, 2025 మే 20న అదే కోర్టు తిరిగి తెచ్చింది. న్యాయవాదులను నమోదు చేసుకునే బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచి ఆ మూడేళ్లను లెక్కిస్తారు. అంటే మీ అమ్మాయి ఐదేళ్లు చదివి, మరో మూడేళ్లు ఏదో ఒక సీనియరు దగ్గర జూనియరుగా పనిచేసి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి మీరు ఎంచుకుంటున్నది ఐదేళ్ల చదువును కాదు, ఎనిమిదేళ్ల దారిని. ఆ చివరి మూడేళ్లలో ఇంటికి వచ్చే డబ్బు ఎంతో తెలుసుకుని గాని మొదటి ఐదేళ్లకు ఎంత అప్పు చేయవచ్చో తేల్చుకోవద్దు.

జూనియరుకు ఇచ్చే మొత్తం గురించి దాపరికం లేకుండా చెబుతాను. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. పట్టణాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని అందులో ఉంది. అయితే అది సిఫారసే గాని శాసనం కాదు. అంత ఇచ్చే ఛాంబర్లు హైదరాబాదులో ఉన్నాయి. పెట్రోలు ఖర్చుతో సరిపెట్టేవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ఇక 10 లక్షల అప్పును 10 శాతం వడ్డీకి 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700 రూపాయల వాయిదా పడుతుంది. అదైనా చదువుకునే ఐదేళ్లలోను, ఆపై ఏడాది గడువులోను పేరుకునే వడ్డీని మీరు ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వస్తేనే. అలా కట్టకపోతే వాయిదా ఇంకా పెరుగుతుంది. ఆ వాయిదా నెత్తిన ఉన్న జూనియరు సీనియరు దగ్గర పని నేర్చుకునే ఓపికతో ఉండలేరు, రెండో ఏడాదికే ఏదో ఒక కంపెనీ ఉద్యోగం చూసుకుంటారు. అందులో తప్పేమీ లేదు గాని, మీరు కోరుకున్న దారి మాత్రం అక్కడితో తెగిపోతుంది.

ఇక 'జాతీయ' అన్న పేరు గురించి. వీటిని కేంద్రీయ విశ్వవిద్యాలయాలు అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కదాన్ని ఒక్కో రాష్ట్ర శాసనసభ తన చట్టంతో పెట్టింది. 1998లో నల్సార్‌ను, 2008లో ఇప్పటి సబ్బవరం విశ్వవిద్యాలయాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభే ఏర్పరిచింది. క్లాట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది గాని, అన్నిటికీ ఉమ్మడి పాఠ్యప్రణాళికగాని, ఉమ్మడి ఫీజుగాని, ఉమ్మడి ప్రమాణంగాని లేవు. బెంగళూరు జాతీయ న్యాయ పాఠశాలకు, నల్సార్‌కు ఉన్న పలుకుబడి ఆ పేరు పెట్టుకున్న ప్రతి సంస్థకూ రాదు. నల్సార్ సీటు వచ్చి ఉంటే అప్పు చేసైనా చేర్పించమనేవాడిని. సబ్బవరం మంచి సంస్థే. కాని మీ లక్ష్యానికి, మీ ఆర్థిక స్థితికి, అది అడిగే డబ్బుకు పొత్తు కుదరడం లేదు.

హైదరాబాదులో ఉంటే కలిగే మేలు ఒకటుంది, దాన్ని ఏ ర్యాంకుల పట్టికా చూపించదు. హైకోర్టు, సిటీ సివిల్ కోర్టు, నాంపల్లి క్రిమినల్ కోర్టులు, కంపెనీ లా ట్రిబ్యునల్, కేంద్ర ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్ క్యాట్ అన్నీ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలని బార్ కౌన్సిల్ నియమం. దూరాన చదివేవారు సెలవుల్లో వచ్చి, ఎవరో ఒకరి దగ్గర నెల రోజులు ఫైళ్లు మోసి వెళ్లిపోతారు. ఒకే కేసు దావా వేసిన రోజు నుంచి వాదనల దాకా ఎలా నడుస్తుందో వారికి కనబడదు. ఇక్కడే ఉన్నవారు ఒకే ఛాంబరుకు ఏళ్ల తరబడి వస్తూ ఉంటే, నమోదయ్యే నాటికి ఆ సీనియరుకు వారి పని ఏమిటో తెలిసి ఉంటుంది. ఈ వృత్తిలో మొదటి ఉద్యోగం సాధారణంగా అలాగే దొరుకుతుంది. దేశ ప్రధాన న్యాయమూర్తి పదవి దాకా వెళ్లిన ఎన్.వి. రమణ గారు చదివింది మన నాగార్జున విశ్వవిద్యాలయంలోనే అన్న సంగతి కూడా మరిచిపోకండి.

నా సలహా లాసెట్ సీటు. ప్రైవేటు విశ్వవిద్యాలయం వారికి ఒక్క మాట చెప్పండి: ఐదేళ్ల ఫీజునూ కాగితం మీద రాసి ఇమ్మనండి.


జవాబు: సబ్బవరం పూర్వ విద్యార్థిని

న్యాయవాది గారు అప్పు గురించి చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు. చదువు గురించి చెప్పినదానితోనే ఉంది.

నేను సబ్బవరంలో చదివాను, ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ న్యాయ విభాగంలో పనిచేస్తున్నాను. రమణ గారి ఉదాహరణ ఇలాంటి ప్రతి చర్చలోనూ వస్తుంది. ఆయన 1983లో న్యాయవాదిగా నమోదయ్యారు. దేశంలో మొదటి జాతీయ న్యాయ పాఠశాల బెంగళూరులో విద్యార్థులను చేర్చుకున్నది 1988లో. అప్పట్లో లేని ఎంపికను ఆయన కాదనుకున్నట్టు చెప్పడం సబబు కాదు.

అనుబంధ కళాశాలల్లో మంచి అధ్యాపకులు లేరని నేను అనను. తరగతిలో విద్యార్థులు ఎంతమంది ఉంటారన్నదే నా ప్రశ్న. 70 శాతం హాజరు తప్పనిసరని నియమం ఉన్నా, పరీక్షలకు మాత్రమే కనిపించే విద్యార్థులతో నడిచే కళాశాలలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయని ఈ వృత్తిలో అందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి సగం ఖాళీగా ఉన్న గదిలో కూర్చుని, తనంతట తానే తీర్పులు చదివే అలవాటు చేసుకోగలదా? కొందరు చేసుకుంటారు. మీ అమ్మాయి ఆ కొందరిలో ఉందో లేదో మీకే తెలియాలి.

మా క్యాంపస్‌లో ఆ అలవాటు బలవంతంగానైనా అబ్బుతుంది. ప్రతి సబ్జెక్టుకూ ఒక పరిశోధన ప్రాజెక్టు రాయాలి, తర్వాత దాని మీద వైవా, అంటే మౌఖిక పరీక్ష ఉంటుంది. రాజ్యాంగ చట్టంలో నాకు కేశవానంద భారతి కేసు పడింది, పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు సవరించవచ్చన్నది అందులో ప్రశ్న. 1973లో పదముగ్గురు న్యాయమూర్తులు విని, పదకొండు వేరువేరు తీర్పులు రాసిన కేసు అది. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు మరొకవైపు అని గైడు పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉంటుంది. వైవాలో మేడమ్ ఆ వాక్యం అడగలేదు. జస్టిస్ ఖన్నా ఏ మేరకు ఒక పక్షంతో ఏకీభవించారు, ఏ మేరకు రెండో పక్షంతో ఏకీభవించారు, సవరణతో కూడా మార్చకూడని రాజ్యాంగ మౌలిక స్వరూపమన్న మాట అందులోంచి ఎలా తేలింది అని అడిగారు. తీర్పు చదవకుండా దానికి జవాబు చెప్పడం కుదరదు. ఇలాంటివి ఐదేళ్లలో ఎన్నో చేశాక, ఏ చట్టం మీదైనా రెండు రోజుల్లో ఒక నోట్ తయారు చేయగలనన్న ధైర్యం వచ్చింది. ఈ రోజు నాకు జీతం వస్తున్నది ఆ ఒక్క పనికే.

మీ అమ్మాయి తెలుగు మాధ్యమం నుంచి వచ్చిందన్నారు. నేనూ అలాగే వచ్చాను. మొదటి రెండు సెమిస్టర్లు కష్టంగానే ఉంటాయి. తోటివారు చర్చల్లో గలగలా మాట్లాడుతుంటే మనం వాక్యాన్ని మనసులో కూర్చుకునేలోపే విషయం దాటిపోతుంది. అయితే క్లాట్ ప్రశ్నపత్రమంతా ఇంగ్లీషు గద్యభాగాలు చదివి జవాబులివ్వడమే కాబట్టి, అందులో ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయికి చదివి అర్థం చేసుకునే శక్తి ఉన్నట్టే. మాట్లాడటం దాని వెనకే వస్తుంది.

లోపాలూ చెబుతాను. సబ్బవరం విశాఖ నగరానికి వెలుపల, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. విశాఖలో జిల్లా కోర్టులు ఉన్నాయి గాని, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలోని నేలపాడులో ఉంది. ఉదయం తరగతికి వెళ్లి మధ్యాహ్నం కోర్టుకు పోవడమన్నది అక్కడ కుదిరే పని కాదు. పెద్ద న్యాయ సంస్థలు నియామకాలకు నల్సార్‌కు వచ్చినంతగా మా దగ్గరికి రావు. నా తోటివారిలో మంచి ఉద్యోగాలు తెచ్చుకున్నవారు ఎక్కువగా ఇంటర్న్‌షిప్పుల ద్వారానే తెచ్చుకున్నారు.

అప్పు విషయంలో ఒక సూచన. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరేవారికి ఆస్తి తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణం మీద చదువుకునే కాలంలో, ఆపై గడువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. సంస్థల జాబితా ఏటా మారుతుంది కాబట్టి, మీరు చేరబోయే సంస్థ ఈ ఏటి జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకున్నాకే బ్యాంకుకు వెళ్లండి.


జవాబు: ఖమ్మం నుంచి పదవీ విరమణ చేసిన కోర్టు ఉద్యోగి

తమ్ముడూ, నేను జిల్లా కోర్టుల్లో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాడిని. న్యాయ విశ్వవిద్యాలయాల గురించి చెప్పే యోగ్యత నాకు లేదు. బెంచి కింద కూర్చుని, కొత్తగా వచ్చిన జడ్జీలను, కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియర్లను మాత్రం సర్వీసంతా చూశాను.

మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు. ఒకసారి సాదాబైనామా, అంటే రిజిస్టరు కాని తెల్లకాగితం మీది అమ్మకపు ఒప్పందం మీద నడిచిన దావాలో సాక్షి "పైసలు తీసుకుని, ఆ రోజే పొలం దున్నుకొమ్మన్నడు" అన్నాడు. రికార్డులో పైసలు ముట్టిన సంగతి ఎక్కింది, దున్నుకొమ్మన్న సంగతి జారిపోయింది. స్వాధీనం ఎప్పుడిచ్చారన్నదే ఆ దావాలో అసలు తగువు. వెనక వరుసలో కూర్చున్న ఒక జూనియరమ్మాయి అది పట్టుకుని తన సీనియరు చెవిన వేస్తే, ఆయన లేచి మనవి చేసుకుని ఆ వాక్యం చేర్పించారు. ఆ అమ్మాయి ఏ కాలేజీలో చదివిందో నేను అడగలేదు. పల్లె నుంచి వచ్చిందని మాత్రం ఆమె తెలుగు వింటే తెలిసింది.

జడ్జి పరీక్షలో సివిల్, క్రిమినల్ పేపర్లతో పాటు ఇంగ్లీషు పేపరు ఉంటుంది, అందులో అనువాదం ఇస్తారు. పెద్ద పెద్ద చోట్ల చదివినవారు కూడా అక్కడ తడబడటం నేను విన్నాను, ఎందుకంటే వాళ్లు ఐదేళ్లు తెలుగు కాగితం ముట్టరు. మీ అమ్మాయి ఎక్కడ చదివినా సరే, పొలం వివరాలుండే రెవెన్యూ రికార్డు పహాణీ చదవడం, పట్టాదారు పాసుపుస్తకంలో ఏ గడిలో ఏముంటుందో తెలుసుకోవడం, భూమి రికార్డుల ధరణి పోయి దాని చోట 2025లో భూభారతి వచ్చాక ఏ అప్పీలు ఎవరి దగ్గరికి వెళుతుందో చూసుకోవడం మానకూడదు. మన జిల్లాలో జూనియర్ సివిల్ జడ్జి ముందుకు వచ్చే సివిల్ దావాల్లో భూమి తగువులే ఎక్కువ.

ఇంకో మాట. ఆడపిల్లను అంత దూరం పంపాలా అని మీకు లోపల ఉంటే ఉండవచ్చు. దాన్ని ఫీజు లెక్కల వెనక దాచకండి. జడ్జి ఉద్యోగంలో ఎలాగూ మూడేళ్లకొక ఊరు మారాలి.


జవాబు: ఒక న్యాయ కళాశాల అధ్యాపకుడు

చర్చ బాగా సాగుతోంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. లాసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేముందు, ఆ కళాశాలకు ఈ విద్యాసంవత్సరానికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో తప్పక చూసుకోండి. అనుమతి పొడిగింపు ఆగిపోయిన చోట చదివినవారు తర్వాత నమోదు సమయంలో ఇబ్బంది పడతారు. పని దినాన, ముందుగా చెప్పకుండా, ఉదయం పదకొండు గంటలకు కళాశాలకు వెళ్లి నాలుగో ఏడాది తరగతి గది ముందు నిలబడి చూడండి. మొదటి ఏడాది తరగతి ఎక్కడైనా నిండుగానే ఉంటుంది, దాన్ని బట్టి ఏమీ తెలియదు. గ్రంథాలయంలో తీర్పుల డేటాబేస్ విద్యార్థులకు అందుబాటులో ఉందా, లేక ప్రిన్సిపాల్ గదిలోని కంప్యూటర్‌లోనే ఉందా అని విద్యార్థులనే అడగండి. పాత శిక్షాస్మృతి చోట 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితను, తక్కిన రెండు కొత్త చట్టాలను ఎవరు చెబుతున్నారో కనుక్కోండి. పాత నోట్సులో సెక్షన్ల అంకెలు మాత్రం మార్చి చెప్పే చోటు ఇట్టే తెలిసిపోతుంది.

అమ్మాయికి లా మీద గట్టి నిర్ణయం ఇంకా కుదరకపోతే, మామూలు డిగ్రీ చేసి ఆ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసే దారి ఎలాగూ ఉంది. ఏడాది కాలం ఎక్కువ పడుతుందన్న మాటే గాని, బార్ కౌన్సిల్ దృష్టిలో రెండు డిగ్రీలకూ తేడా లేదు.


ప్రశ్న వేసినవారి కుమార్తె

నమస్కారం. ఈ జవాబులన్నీ నాన్న నాకు చదివి వినిపించారు, తర్వాత నేనే మళ్లీ చదువుకున్నాను. పెద్దలందరికీ కృతజ్ఞతలు.

నాన్న రాసినదానిలో ఒకటి సరిచేయాలి. జడ్జి కావాలన్నది నాన్న కోరిక. నాకు అది ఇష్టం లేదని కాదు గాని, ముందు క్రిమినల్ కేసుల్లో వాదించాలని ఉంది. మూడేళ్ల ప్రాక్టీసు ఎలాగూ తప్పదని తెలిశాక నాకు దిగులేమీ కలగలేదు, సంతోషమే కలిగింది. ఊరి నుంచి దూరం వెళ్లడం నాకు సమస్య కాదు, అమ్మకూ కాదు. నాన్న పేరు మీద పది లక్షల అప్పు ఉందని తెలిసి చదవడమే నాకు కష్టంగా ఉంటుంది.

న్యాయవాది గారిని ఒకటి అడగాలి. చదువుకుంటూ ఉండగానే క్రిమినల్ న్యాయవాది దగ్గర పని నేర్చుకోవచ్చా? విద్యార్థినులను రానిస్తారా? అక్కను కూడా ఒకటి అడగాలి. సబ్బవరంలో మీకు దొరికిన చదువులో ఎంత భాగం నేను హైదరాబాదు కళాశాలలో ఉండి సొంతంగా సంపాదించుకోగలను?


జవాబు: హైదరాబాదు న్యాయవాది

అమ్మా, నీ జవాబు చూశాక నా సలహా మీద నాకు నమ్మకం పెరిగింది. నమోదు కాకముందు కోటు, బ్యాండు వేసుకుని కోర్టులో మాట్లాడటానికి వీల్లేదు. కాని ఛాంబరులో కూర్చుని ఫైలు చదవవచ్చు, బెయిలు దరఖాస్తు ముసాయిదా రాయవచ్చు, సాక్షి వాంగ్మూలానికీ పోలీసులు రాసుకున్న వాంగ్మూలానికీ ఎక్కడ పొంతన కుదరలేదో పట్టిక వేసి సీనియరుకు ఇవ్వవచ్చు. ఈ చివరి పనిని శ్రద్ధగా చేసే విద్యార్థిని ఏ క్రిమినల్ న్యాయవాదీ వదులుకోడు. క్రాస్ ఎగ్జామినేషన్ మొత్తం ఆ పట్టిక మీదే నిలబడుతుంది.

నాంపల్లిలో నీకు ఇంకొకటి కనబడుతుంది. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి కిందే విచారణ నడుస్తోంది, ఆ తర్వాతి వాటికి కొత్త సంహిత. ఒకే కోర్టు హాలులో ఉదయం పాత చట్టంలోని సెక్షన్ 302, మధ్యాహ్నం కొత్త చట్టంలోని 103 వినబడతాయి, రెండూ హత్యే. నువ్వు చదివి బయటికి వచ్చే నాటికి కూడా ఈ రెండు చట్టాలూ పక్కపక్కనే నడుస్తూ ఉంటాయి కాబట్టి, పాతది పోయిందని వదిలేయకు.

విద్యార్థినులను రానిస్తారా అన్నావు. రానిస్తారు. అయితే ఛాంబరును ఎంచుకునేముందు అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న మహిళా జూనియర్లు ఉన్నారా, ఎన్నాళ్లుగా ఉన్నారు, సాయంత్రం ఎన్ని గంటలకు పంపిస్తున్నారు అన్నది వారినే అడిగి తెలుసుకో. సీనియరు పేరు ఎంత పెద్దదైనా ఆ జవాబు నచ్చకపోతే చేరవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి కూడా వెళ్లి చూడు. ఉచిత న్యాయ సహాయం కింద వచ్చే కేసుల్లో విద్యార్థులకు నేర్చుకోవడానికి చాలా దొరుకుతుంది.


జవాబు: సబ్బవరం పూర్వ విద్యార్థిని

చెల్లీ, నిజాయితీగా చెబితే చాలావరకు సంపాదించుకోవచ్చు. చదవడం, రాయడం నీ చేతిలో పని. వారానికి ఒక తీర్పు మొత్తం చదివి, వాస్తవాలు ఏమిటి, కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి, ఏ కారణంతో ఏమని తేల్చింది అన్నది రెండు పేజీల్లో రాసి, దిద్దగలిగిన ఒకరికి చూపించు. సుప్రీంకోర్టు తీర్పులు కోర్టు వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతాయి, వాటిలో కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే పెద్దాయన చెప్పిన అనువాదం పేపరుకూ పనికొస్తుంది. విద్యార్థులు నమూనా కోర్టులో వాదించే మూట్ కోర్టు పోటీలకు మీ కళాశాల జట్టును పంపకపోతే మీరే జట్టు కట్టి ప్రిన్సిపాల్ గారిని అనుమతి అడగండి.

సంపాదించుకోలేనిది ఒకటుంది. రాత్రి పదకొండు గంటలకు హాస్టలు వరండాలో నీ వాదన తప్పని చెప్పి, తెల్లవారేదాకా నీతో వాదించే ఇరవైమంది తోటివారు. అలాంటివారిలో ఇద్దరు దొరికినా వదులుకోకు. క్రిమినల్ ప్రాక్టీసే నీ మనసులో ఉంటే, అప్పు లేకపోవడమే నీకు అన్నిటికంటే పెద్ద స్కాలర్‌షిప్. కార్పొరేట్ వైపు వెళ్తానని ఉంటే మాత్రం సబ్బవరమే అనేదాన్ని.


ప్రశ్న వేసిన తండ్రి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పెద్దాయన అన్న మాట నిజమే. దూరం గురించిన బెంగ నాకు ఉంది, అమ్మాయికి లేదు. ఇక ఆ సంగతి ఇంట్లో ఎత్తను.

ప్రైవేటు విశ్వవిద్యాలయం వారిని ఐదేళ్ల ఫీజు రాసి ఇమ్మని అడిగాను. ఆ తర్వాత ఫోను రాలేదు. సబ్బవరం సీటును రద్దు చేసుకుంటే కట్టిన డబ్బులో ఎంత తిరిగి వస్తుందో, ఏ తేదీలోగా అడగాలో నోటీసులో చదివాం. పోయే మొత్తం భరించగలిగేదే. కాబట్టి లాసెట్ మొదటి విడత కేటాయింపు దాకా ఆ సీటు వదలకుండా ఉంచాలని అమ్మాయి అంటోంది. వచ్చే సోమవారం హైదరాబాదు వెళ్లి మూడు కళాశాలలు చూస్తాం. నాలుగో ఏడాది తరగతులు ఏ గదుల్లో జరుగుతాయో ముందే కనుక్కుని పెట్టుకుంది. ఆ మూడింటిలో ఒకటి దక్కితే హైదరాబాదు, లేకపోతే సబ్బవరం. రుణం తీసుకోవలసి వస్తే ఏటికేడాది వడ్డీ నేను కడతాను, అసలు తాను కడుతుంది. ఈ ఒప్పందం అమ్మాయే పెట్టింది.